ముంబై పోలీసు ఉద్యోగం: అర్హతలు, జీతం, కాగితాలు



మన ట్రస్టు స్కాలర్‌షిప్ దరఖాస్తులో "చదువు పూర్తయ్యాక ఏం కావాలనుకుంటున్నారు?" అని ఒక గడి ఉంటుంది. ఈసారి దరఖాస్తులు చూడటానికి పెద్దలు నన్ను కూడా కూర్చోబెట్టారు. డాక్టరు, ఇంజనీరు తర్వాత ఎక్కువగా కనబడిన మాట "పోలీస్ ఆఫీసర్". రాసినవారిలో ఆడపిల్లలు కూడా తక్కువేమీ లేరు. అయితే ఆ ఉద్యోగానికి ఏం చదవాలో, ఏ వయసు దాకా అవకాశం ఉంటుందో, చేతికి ఎంత వస్తుందో వాళ్లకు గానీ, సంతకం పెట్టిన తల్లిదండ్రులకు గానీ సరిగా తెలిసినట్టు లేదు. నేను ముంబై పోలీసులో 36 ఏళ్లు పనిచేసి, 2022లో అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయ్యాను కాబట్టి ఈ వ్యాసం రాసే పని నా మీద పడింది.

ఇక్కడ చెప్పేది మహారాష్ట్ర గురించి, అందులోనూ ముంబై నగర పోలీసు గురించి. కర్ణాటక, తమిళనాడు పాఠకుల కోసం చివర్లో కొంచెం రాశాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఖాకీ వేసుకున్న ప్రతివారూ బయటివాళ్లకు పోలీస్ ఆఫీసరే. డిపార్ట్‌మెంటులో అలా కాదు. ఆఫీసరు అంటే పోలీస్ సబ్ ఇన్‌స్పెక్టర్, ఆ పైవాళ్లు. కింద కానిస్టేబుల్, హవల్దార్, అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ ఉంటారు. ఇదివరకు కానిస్టేబుల్‌కూ హవల్దార్‌కూ మధ్య పోలీస్ నాయక్ అనే మెట్టు ఉండేది. 2022లో ప్రభుత్వం దాన్ని తీసేసింది. అందువల్ల కానిస్టేబుల్‌గా చేరినవాడు పైకి రావడం మా కాలం కంటే కొంత తొందరగా జరుగుతుంది.

లోపలికి వెళ్లే దారులు మూడు. ఇంటర్ అంటే 12వ తరగతి పాసై పోలీస్ భర్తీలో కానిస్టేబుల్‌గా చేరడం ఒకటి. డిగ్రీ చేసి మహారాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి నేరుగా సబ్ ఇన్‌స్పెక్టర్ కావడం రెండోది. యూపీఎస్‌సీ సివిల్ సర్వీసెస్ రాసి ఐపీఎస్ కావడం మూడోది. మన పిల్లల్లో నూటికి తొంభై మందికి అందుబాటులో ఉన్నవి మొదటి రెండే. మొదటిదాని గురించే ఎక్కువగా చెబుతాను.

కానిస్టేబుల్‌కు ఏం కావాలి

చదువు 12వ తరగతి. ఏ గ్రూపైనా పరవాలేదు. వయసు ఓపెన్ కేటగిరీలో 18 నుంచి 28 ఏళ్లు, వెనుకబడిన వర్గాలకు 33 ఏళ్ల దాకా. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఐదేళ్ల తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకే వస్తాను. ఎత్తు మగవారికి 165 సెంటీమీటర్లు, ఆడవారికి 155. మగవారికి ఛాతీ 79 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఊపిరి పీలిస్తే ఇంకో 5 సెంటీమీటర్లు పెరగాలి. రాష్ట్ర రిజర్వు పోలీసుకైతే మగవారి ఎత్తు 168 కావాలి, వయసు ఓపెన్‌లో 25 వరకే. డ్రైవర్ పోస్టులకు వేరే నోటిఫికేషన్ వస్తుంది, దానికి ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉండాలి. అన్నింటికీ మహారాష్ట్ర డొమిసైల్ తప్పనిసరి. పెళ్లయి ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలున్నవారికి చిన్న కుటుంబం నియమం అడ్డు వస్తుంది, అది కూడా చూసుకోవాలి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. గత భర్తీల్లో ఫీజు ఓపెన్‌కు 450 రూపాయలు, వెనుకబడిన వర్గాలకు 350 ఉండింది. ఒక పోస్టుకు ఒక్క యూనిట్‌లోనే దరఖాస్తు పెట్టాలి. ముంబైలో ఒకటి, ఠాణేలో ఒకటి, షోలాపూర్‌లో ఒకటి అని మూడు చోట్ల పెడితే అసలుకే మోసం. ముంబైలో పోస్టులు ఎక్కువ, పోటీకి వచ్చేవాళ్లూ ఎక్కువే. రాష్ట్రం మూలమూలల నుంచి కుర్రాళ్లు సంచీ భుజాన వేసుకుని వచ్చి ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద పడుకుని పొద్దున్నే గ్రౌండ్‌కు వెళ్లడం నేను బందోబస్తులో ఉండి చాలాసార్లు చూశాను. 2024 భర్తీలో రాష్ట్రం మొత్తం మీద 17,471 పోస్టులకు 17 లక్షల 76 వేల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. ఒక్క కుర్చీకి వంద మంది అన్నమాట. వాళ్లలో ఇంజనీర్లు, ఎంబీఏలు కూడా ఉన్నారు. కాబట్టి "ఏదీ దొరకకపోతే పోలీసులో చేరతాను" అనే మాట ఇప్పుడు చెల్లదు.

ముందు గ్రౌండ్, తర్వాత రాతపరీక్ష. 2019లో దీన్ని తలకిందులు చేసి రాతపరీక్ష ముందు పెట్టారు, 2022లో మళ్లీ గ్రౌండ్‌నే ముందుకు తెచ్చారు. గ్రౌండ్‌కు 50 మార్కులు. మగవారికి 1600 మీటర్ల పరుగుకు 20, వంద మీటర్లకు 15, గుండు విసరడానికి 15. ఆడవారికి 1600 బదులు 800 మీటర్లు, మిగతావి అవే. 1600 మీటర్లను 5 నిమిషాల 10 సెకన్లలో ముగిస్తే 20కి 20 వస్తాయి. సగం, అంటే 25 మార్కులైనా వస్తేనే ముందుకు పోనిస్తారు. అలా మిగిలినవారిలో కూడా ఒక పోస్టుకు పది మంది చొప్పున మాత్రమే రాతపరీక్షకు పిలుస్తారు. కాబట్టి పాసవ్వడానికి 25 చాలు, పిలుపు రావడానికి చాలవు.

మన పిల్లలు గుండును తేలిగ్గా తీసుకుంటారు. పరుగు రోజూ చేస్తారు, గుండు మాత్రం భర్తీ వారం ముందు ఎవరిదో తెచ్చి విసిరి చూస్తారు. మగవారి గుండు 7.26 కిలోలు, ఆడవారిది 4 కిలోలు. దాన్ని మెడ దగ్గర పెట్టుకుని నడుము తిప్పి తోయడం వేరే విద్య, బలం ఒక్కటే సరిపోదు. పరుగులో ఐదు సెకన్లు తగ్గించడానికి మూడు నెలలు పడుతుంది, గుండులో నేర్పించేవాడు ఉంటే మూడు వారాల్లో తేడా కనబడుతుంది. ఇంకొక జాగ్రత్త. 2014 జూన్‌లో ముంబై భర్తీలో 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. ఆ ఉక్కలో పరుగెత్తి కొందరు కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత దూరం తగ్గించారు. అయినా ఏ సాధనా లేకుండా ఒక్కసారిగా గ్రౌండ్‌లో ఊపిరి బిగబట్టి పరుగెత్తడం మంచిది కాదు. కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి, ముందొకసారి డాక్టరుకు చూపించుకోవాలి, పరుగు రోజున ఖాళీ కడుపుతో వెళ్లకూడదు.

మరాఠీ సంగతి

రాతపరీక్ష 100 మార్కులకు, 90 నిమిషాలు. గణితం, సామాన్య జ్ఞానం, బుద్ధి పరీక్ష, మరాఠీ వ్యాకరణం ఉంటాయి. ప్రశ్నపత్రం మొత్తం మరాఠీలోనే ఇస్తారు. 40 శాతం రాకపోతే జాబితాలో పేరు ఉండదు.

ఇక్కడ మన ఇళ్లలో ఒక భ్రమ ఉంది. "మా వాడు మరాఠీ గడగడా మాట్లాడతాడు" అంటారు. గల్లీలో మాట్లాడే మరాఠీ వేరు, ప్రయోగ్, సమాస్, అలంకార్, వాక్ప్రచార్ అని అడిగే మరాఠీ వేరు. తెలుగు మీడియం మున్సిపల్ స్కూల్లో చదివిన పిల్లల కంటే ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లే ఈ భాగంలో ఎక్కువగా దెబ్బతింటున్నారని నా అనుభవం. లెక్క తెలిసినా ప్రశ్న చదివి అర్థం చేసుకోవడానికే సగం సమయం పోతుంది. ఎనిమిది నుంచి పది వరకు బాలభారతి మరాఠీ పుస్తకాలు తెచ్చుకుని మొదటి పాఠం నుంచి చదవండి. రోజూ ఒక మరాఠీ దినపత్రిక చదవండి. ఇంట్లో తెలుగు మాట్లాడటం మానాల్సిన అవసరం లేదు. నేను అమ్మతో తెలుగు, స్టేషన్‌లో మరాఠీ, కోర్టులో సాక్ష్యం మరాఠీ, పఠాన్ దుకాణదారుతో హిందీ మాట్లాడుతూనే నెట్టుకొచ్చాను. నిజానికి తెలుగు వచ్చిన పోలీసు స్టేషన్‌కు చాలాసార్లు పనికొస్తాడు. నాకా బిల్డింగ్ కూలీ ఎవరైనా దెబ్బలు తిని వచ్చి తెలుగులో ఏడుస్తుంటే నన్నే పిలిచేవారు.

జీతం

తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదే. ఏడో వేతన సంఘం ప్రకారం మహారాష్ట్రలో కానిస్టేబుల్ వేతన శ్రేణి 21,700 నుంచి 69,100. చేరినప్పుడు మూల వేతనం 21,700. ఏటా ఇంక్రిమెంటు సుమారు 3 శాతం. రెండో ఏడు 22,400, ఆ తర్వాత 23,100, ఇలా పెరుగుతుంది. దీనిమీద కరువు భత్యం. 2025 జనవరి నుంచి వర్తించిన 55 శాతం చొప్పున వేస్తే 11,935 అవుతుంది. రెండూ కలిపి 33,635. ముంబైలో ఇంటి అద్దె భత్యం కూడా కలిపితే మొత్తం 40 వేలకు అటూ ఇటూ వస్తుంది. అందులోంచి పెన్షన్ ఖాతాకు మూల వేతనం, కరువు భత్యం మీద 10 శాతం, అంటే 3,300 పైచిలుకు పోతుంది. ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకు 200, ఫిబ్రవరిలో 300. ఇన్సూరెన్స్ లాంటి చిన్న కోతలు కొన్ని. అవన్నీ పోను మొదటి సంవత్సరాల్లో చేతికి 35 వేల పైన వస్తుందని అనుకోవచ్చు. కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు కాబట్టి ఈ లెక్క కదులుతూ ఉంటుంది. పోలీసు క్వార్టర్ తీసుకుంటే ఇంటి అద్దె భత్యం రాదు. ముంబైలో బయట ఒక గదికి ఇచ్చే అద్దె చూస్తే క్వార్టరే మేలు, కానీ దాని కోసం వరుసలో ఉండాలి.

సబ్ ఇన్‌స్పెక్టర్ మూల వేతనం 38,600తో మొదలవుతుంది, శ్రేణి 1,22,800 దాకా. అదే 55 శాతం లెక్క వేస్తే కరువు భత్యంతో 59,830. దీనికి ఏదైనా డిగ్రీ ఉండాలి. ఎంపీఎస్‌సీ ప్రిలిమ్స్, మెయిన్స్, గ్రౌండ్, ఇంటర్వ్యూ దాటాలి. ఓపెన్‌లో 31 ఏళ్లు, వెనుకబడిన వర్గాలకు 34 దాకా వయసు. ఆడవారి ఎత్తు ఇక్కడ 157. శిక్షణ నాసిక్ పోలీసు అకాడమీలో. డిగ్రీ చదివే స్తోమత ఉన్న పిల్లలు దీన్నే గురిగా పెట్టుకోవాలని నా అభిప్రాయం. అయితే ఎంపీఎస్‌సీ కోసం ఏళ్లకేళ్లు కూర్చుని కానిస్టేబుల్ వయసు కూడా దాటించుకున్నవాళ్లను చూశాను. రెండిటికీ ఒకేసారి సిద్ధం కావచ్చు. కానిస్టేబుల్‌గా ఉంటూనే పరీక్షలు రాసి పైకి వచ్చినవాళ్లు నా స్టేషన్‌లోనే ఉన్నారు.

జీతం మాట చెప్పి డ్యూటీ మాట చెప్పకపోతే మోసం చేసినట్టు. 2016లో కమిషనర్ దత్తా పడసల్గీకర్ గారి హయాంలో దేవనార్ పోలీస్ స్టేషన్‌లో ఎనిమిది గంటల డ్యూటీ ప్రయోగం మొదలైంది. అది మాకు పండుగలా అనిపించింది. అంతకుముందు పన్నెండు గంటలు మామూలే. గణపతి నిమజ్జనం, ఎన్నికలు, పెద్ద మోర్చాలు వచ్చినప్పుడు మాత్రం ఎనిమిదీ లేదు, పన్నెండూ లేదు. నా కూతురు మొదటి బతుకమ్మ ఆడిన రోజు నేను వేరే పేటలో నవరాత్రి బందోబస్తులో ఉన్నాను. ఆడపిల్లల తల్లిదండ్రులు దీని గురించి భయపడతారు. మహిళలకు 30 శాతం పోస్టులు కేటాయించి ఉన్నాయి, ఏ స్టేషన్ చూసినా ఇప్పుడు మహిళా సిబ్బంది ఉంటారు. భయపడి దరఖాస్తే పెట్టనివ్వకపోవడం కంటే, పనిచేస్తున్న ఒక మహిళా కానిస్టేబుల్‌తో అమ్మాయిని మాట్లాడించండి.

మా మేనల్లుడి ఫైలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎత్తు, పరుగు, మరాఠీ అన్నీ ఉండి కూడా మనవాళ్లు ఎక్కడ పడిపోతున్నారో చెప్పాలంటే మా ఇంటి విషయమే చెప్పాలి.

మా అక్క కొడుకు 2018 భర్తీలో గ్రౌండ్ దాటాడు, రాతపరీక్ష దాటాడు. వెనుకబడిన వర్గాల కేటగిరీలో పెట్టాడు. అప్పుడు వాడికి 29 ఏళ్లు. కాగితాల పరిశీలన రోజున వాడి నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ గడువు దాటిపోయిందని తేలింది. అది అంతకుముందు కాలేజీ ఫీజు మాఫీ కోసం తీసుకున్నది. ఇంకొకటి, పదో తరగతి మార్కుల లిస్టులో ఇంటిపేరు ముందు, పేరు వెనక, తండ్రి పేరే లేదు. కులం సర్టిఫికెట్‌లో మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. అందులోనూ మా బావగారి పేరు ఒకచోట నర్సయ్య, ఇంకొకచోట నరసింగ్. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు. ఇచ్చిన గడువులో తేలేకపోయాం. కేటగిరీ పోయింది. సరే, ఓపెన్‌లో చూడండి అందామంటే ఓపెన్‌కు 28 ఏళ్లే. వాడు ఆ గీత దాటి ఒక ఏడాది అయింది.

ఆ సాయంత్రం ఫోన్ చేసి, "మామా, లిస్టుల నా పేరు లేదు" అన్నాడు. నేను వెంటనే ఆ కచేరీని తిట్టాను, గుమాస్తాను తిట్టాను. రాత్రి పడుకున్నాక తోచింది. నా బీరువాలో నా సర్వీసు కాగితాలు ముప్ఫై ఏళ్లవి సంవత్సరాల వారీగా కట్టి ఉన్నాయి. వాడిని రోజూ తెల్లవారుజామున గ్రౌండ్‌కు తీసుకెళ్లి స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను. వాడి ఫైలు మాత్రం ఒక్కసారి విప్పి చూడలేదు. పోలీసుగా ఎంతమంది కాగితాలు తనిఖీ చేశానో లెక్కలేదు.

వాడు ఇప్పుడు పరేల్‌లో ఒక మాల్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్. వాళ్ల తాత పనిచేసిన మిల్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉండేది. యూనిఫాం ఉంది, జీతం ఉంది, కానీ పెన్షన్ లేదు, రేపు కాంట్రాక్టు ఉంటుందో లేదో తెలియదు. నాతో మామూలుగానే మాట్లాడతాడు. అక్క మాత్రం ఇప్పటికీ పోలీసు మాట వస్తే లేచి లోపలికి వెళ్లిపోతుంది.

కాబట్టి తల్లిదండ్రులారా, ఈ కింది విషయాలు పిల్లవాడు పదో తరగతిలో ఉండగానే మొదలుపెట్టండి.

కులం సర్టిఫికెట్. ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చిన మనకు ఇక్కడే చిక్కు. అక్కడి ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్‌తో ఇక్కడ రిజర్వేషన్ రాదు. మహారాష్ట్ర జాబితాలో మన కులం ఉండాలి, మన పూర్వీకులు ఒక నిర్ణీత తేదీ నాటికే ఈ రాష్ట్రంలో నివసిస్తున్నట్టు రుజువు చూపాలి. ఆ తేదీ ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబర్ 6, విముక్త జాతులు, సంచార జాతులకు 1961 నవంబర్ 21, ఓబీసీ, ఎస్‌బీసీలకు 1967 అక్టోబర్ 13. రుజువు తండ్రి వైపు నుంచి కావాలి. తల్లి వైపు తాత ఎంత పాతకాపు అయినా లెక్కలోకి రాదు.

తాత మిల్లులో చేరాడు, బడికి పోలేదు, ఇంకేం రుజువు ఉంటుంది అంటారు. వెతికితే ఉంటుంది. తాత తమ్ముడు గానీ, పెదనాన్న గానీ, మేనత్త గానీ ఆ తేదీకి ముందు మున్సిపల్ స్కూల్లో ఒకటో తరగతిలో చేరి ఉంటే ఆ స్కూలు జనరల్ రిజిస్టర్‌లో పేరు, కులం, చేరిన తేదీ ఉంటాయి. దాని నకలు అడిగి తీసుకోవచ్చు. మున్సిపాలిటీ జనన మరణ రిజిస్టర్లు, పాత అద్దె చీటీలు, మిల్లు కాగితాలు, రేషన్ కార్డు కూడా దాచి ఉంచండి. మా బావగారు 1966లో స్కూల్లో చేరారు కాబట్టి తేదీ విషయంలో మాకు ఇబ్బంది రాలేదు. ఒక్క ఏడాది ఆలస్యంగా, 1967 జూన్‌లో చేరినా పరవాలేదు, 1968 అయి ఉంటే కథ వేరు. కొన్ని పాత రిజిస్టర్లలో కులం గడిలో "తెలుగు" అనో, "కామాఠీ" అనో రాసి వదిలేశారు. అలాంటప్పుడు రక్తసంబంధీకులలో ఇంకొకరి రిజిస్టర్‌లో సరైన మాట ఉందేమో చూడాలి. ఆ రోజుల్లో మాస్టారు అడిగితే మన పెద్దవాళ్లు ఏది తోస్తే అది చెప్పారు, ఇప్పుడు దాన్ని మోస్తున్నది మనవళ్లు.

కులం సర్టిఫికెట్ తర్వాత పరిశీలన కమిటీ ఇచ్చే వాలిడిటీ సర్టిఫికెట్ వేరే ఉంటుంది. తండ్రికి గానీ, అన్నకు గానీ వాలిడిటీ వచ్చి ఉంటే పని తేలికవుతుంది. అందుకే ఇంట్లో మొదటివాడికే గట్టిగా ప్రయత్నించి తీసుకోండి, తర్వాతివాళ్లకు దారి అవుతుంది.

నాన్ క్రీమీ లేయర్. ఎస్సీ, ఎస్టీలకు అక్కర్లేదు, మిగతా వెనుకబడిన వర్గాలకు కావాలి. ఆదాయ పరిమితి 8 లక్షలు. దీనికి గడువు ఉంటుంది. సర్టిఫికెట్ కింద చిన్న అక్షరాల్లో ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి ఉంటుంది, ఈ రోజే చూడండి. నోటిఫికేషన్ వచ్చాక సేతు కేంద్రం ముందు నిలబడితే మీ ముందు రెండు వందల మంది ఉంటారు.

డొమిసైల్. రాష్ట్రంలో 15 ఏళ్లు ఉన్నట్టు చూపించాలి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు కష్టం కాదు. మధ్యలో ఊరికి పంపి అమ్మమ్మ దగ్గర రెండు మూడేళ్లు చదివించినవారికి మాత్రం ప్రశ్నలు వస్తాయి.

పేర్లు. ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేకమైన తలనొప్పి. మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఒక్క అక్షరంతో సరిపెడతాం. మహారాష్ట్రలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసగా రాస్తారు. స్కూల్లో చేర్చే రోజునే ఈ పద్ధతిలో పూర్తిగా రాయించండి. పదో తరగతి పరీక్ష ఫారం నింపేటప్పుడు ప్రతి అక్షరం ఆధార్‌తో, తండ్రి కాగితాలతో కలిపి చూడండి. బోర్డు సర్టిఫికెట్ వచ్చేశాక మార్చడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. తేడా ఉండిపోయి ఉంటే ప్రభుత్వ గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన వేయించుకోవచ్చు. దానికి సమయం పడుతుంది, భర్తీ దాకా ఆగవద్దు.

చివరిది, పోలీసు కేసు. గల్లీలో కొట్లాట, గణపతి మండలంలో గొడవ, ఇలాంటి వాటిలో కుర్రాడి పేరు ఎఫ్ఐఆర్‌లో పడి ఉంటే ఎంపికయ్యాక నింపే ఫారంలో నిజం రాయాలి. కేసు కొట్టేశారు కదా అని దాచిపెడతారు. తెలిసిపోకుండా ఉండదు, తనిఖీ చేసేది పోలీసులే. చిన్న కేసు అయితే వివరాలు చూసి అధికారులు నిర్ణయం తీసుకుంటారు. దాచడం వేరే తప్పు అవుతుంది, దానిమీదే ఉద్యోగం పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాలన్నీ వివరంగా చెప్పింది.

డబ్బు తీసుకుని ఉద్యోగం ఇప్పిస్తామనేవారి మాటకొస్తే, నేను డిపార్ట్‌మెంటులో ఉన్నన్నాళ్లూ మనవాళ్లు నన్ను కూడా మెల్లగా అడిగారు. "ఎంతైనా సర్దుతాం, చూడు తమ్మీ" అని. కర్ణాటకలో 2021 అక్టోబర్‌లో 545 సబ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు పరీక్ష జరిగింది. జవాబు పత్రాల్లో అక్రమాలు బయటపడి 2022లో ఎంపిక రద్దయింది. నియామక విభాగానికి అధిపతిగా ఉన్న అదనపు డీజీపీ స్థాయి అధికారి అరెస్టయ్యారు. మళ్లీ పరీక్ష 2024 జనవరిలో జరిగింది. డబ్బు కట్టినవాళ్లు కేసుల్లో ఇరుక్కున్నారు, నిజాయితీగా రాసినవాళ్లు రెండేళ్లకు పైగా వయసు పోగొట్టుకున్నారు.

ఇతర రాష్ట్రాల పాఠకులకు క్లుప్తంగా. తమిళనాడులో గ్రేడ్ టూ కానిస్టేబుల్‌కు పదో తరగతి చాలు, మూల వేతనం 18,200తో మొదలు. అయితే రాతపరీక్షకు ముందు తమిళ అర్హత పరీక్షలో 40 శాతం తప్పనిసరి, అది రాకపోతే అసలు పేపరే దిద్దరు. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు మీడియం పిల్లలు దీన్ని గమనించాలి. ఎత్తు మగవారికి 170, ఎస్సీ, ఎస్టీలకు 167. కర్ణాటకలో సివిల్ కానిస్టేబుల్‌కు పీయూసీ కావాలి, మగవారి ఎత్తు 168. ఎక్కడైనా ఆ రాష్ట్రపు భాష, ఆ రాష్ట్రపు కులం కాగితం అనే రెండు గడపలు మాత్రం దాటాల్సిందే.

మా చాల్‌లో ఒక అమ్మాయి ఈ మధ్య భర్తీలో కానిస్టేబుల్ అయింది. ఏడో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత మరాఠీ. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది, చదువు రాదు. కానీ ప్రతి కాగితాన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి గోడకు మేకు కొట్టి తగిలించి పెట్టింది. ఏ గడువు ఎప్పుడు ముగుస్తుందో కూతురి చేత క్యాలెండర్ మీద రాయించింది. పరిశీలన రోజున ఆ సంచే అలాగే పట్టుకెళ్లారట, పది నిమిషాల్లో పని అయిపోయింది.

ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం నేను ట్రస్టు హాలులో కూర్చుంటున్నాను. పోలీసు భర్తీకి వెళ్లాలనుకునే పిల్లలు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని రండి. జిరాక్సులు కాదు, అసలు కాగితాలు తీసుకురండి. తాతగారి పేరున్న కాగితం ఏది దొరికినా, చిరిగిపోయినదైనా సరే, పారేయకుండా అందులో పెట్టుకుని రండి.